వేరుశనగలో విషం: కళ్ళెం ఎక్కడ వెయ్యాలి?

అనంతపురం ప్రాంతమంటే ఎర్రనేల, వేరుశనగ, కరువు. అక్కడ ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. కాయ ఊరే రోజుల్లో వాన మొహం చాటేస్తే దిగుబడి తగ్గుతుందని మీకు తెలుసు. కంటికి కనిపించని నష్టం మరొకటి ఉంది. బెట్టకు మొక్క రక్షణశక్తి సన్నగిల్లుతుంది. అప్పుడు నేలలోని ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే బూజు కాయలోకి చొరబడి, గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. వాటి మేతలో కలిపిన వేరుశనగ పిండిలో ఉన్నది ఈ విషమే. మనుషుల్లో ఇది కాలేయ క్యాన్సరు తెస్తుందని తర్వాత రుజువయింది. గింజలు వేయించినా ఇది పూర్తిగా పోదు.

క్యాన్సరును అరికట్టడానికి శాస్త్రజ్ఞులు జన్యువుల నోరు మూయించి చూస్తున్నారు. ఎలాగంటారా? జన్యువు పంపే ఉత్తరం ఆర్.ఎన్.ఏ. కణం దాన్ని చదివి ప్రొటీను తయారుచేస్తుంది. ఆ ఉత్తరానికి సరిగ్గా జతపడే చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్కను పంపితే, కణమే ఆ ఉత్తరాన్ని చింపేస్తుంది. ఈ సంగతిని 1998లో వెల్లడించిన ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006లో నోబెల్ బహుమతి వచ్చింది. కణం పొరలో నీటికి దారి ఇచ్చే ఆక్వాపోరిన్ ప్రొటీన్ల జన్యువులను ఇలా అణిస్తే, కొన్ని రకాల క్యాన్సరు కణాల పెరుగుదల మందగించింది. ఇది ప్రయోగశాలలో తేలిన మాట.

మంచిదే. కాని క్యాన్సరు వచ్చాక కణాల వెంటపడేకన్నా, దాన్ని తెచ్చే విషమే పుట్టకుండా చూడటం మేలు కాదా? పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు అమెరికా పరిశోధకులతో కలిసి ఈ దారే పట్టారు. ఆర్.ఎన్.ఏ. ముక్కలను వేరుశనగ మొక్కే తయారుచేసేలా మార్చారు. అవి బూజులోకి చేరి, విషం తయారీకి కావలసిన రెండు జన్యువులను అణిచాయి. 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆ గింజల్లో చేరిన విషం అత్యల్పం.

ఆ విత్తనం ఇంకా రైతు చేతికి రాలేదు. జన్యుమార్పిడి పంట గనుక పరీక్షలన్నీ జరగాల్సిందే. అంతవరకూ చేతులు కట్టుకు కూర్చోవాలా? అక్కరలేదు. కాయలను బాగా ఎండబెట్టాలి. చెమ్మ తగలకుండా నిల్వచేయాలి. బూజు పట్టిన గింజలు, ముడుచుకుపోయిన గింజలు ఏరి పారేయాలి. మేలైనవి అమ్ముకుని, ఏరివేసినవి ఇంట్లో తినడం పొదుపు కాదు. బూజు పట్టిన వేరుశనగ చెక్కను గేదెకు పెడితే, విషం పాలలోకీ వస్తుంది.

కొత్త విత్తనం వచ్చేదాకా ఈ ఏరివేత మన చేతిలో పనే. ఈ మాట ఇంట్లో పెద్దలకు చెప్పవలసినవారు మీరే.