బెంగళూరు కాలిబాటలు – మన పల్లెల పాదాలు

సోమవారం తెల్లవారుజామున బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు నుండి బయలుదేరే తొలి బస్సులను చూచినవారికి బెంగళూరు నగరానికీ మన సరిహద్దు పల్లెలకూ గల సంబంధాన్ని వేరుగా వివరించనక్కరలేదు. సెలవు ముగించుకొని గార్మెంట్ ఫ్యాక్టరీలకు మరలిపోయే ఆడపిల్లలు, కట్టడపు పనులకు పోయే కూలీలు, విక్టోరియా ఆసుపత్రికో నిమ్హాన్సుకో చీటీ చేతపట్టుకొని పోయే వృద్ధులు, కృష్ణరాజ మార్కెట్టులో సరుకు కొనబోయే చిల్లర వ్యాపారులు ఆ బస్సులలో కనబడతారు. వారిలో సొంత కారు గలవారు బహు అరుదు. మెజెస్టిక్‌లో బస్సు దిగిన క్షణం నుండి వారందరూ పాదచారులే. అందుచేత బెంగళూరు వీధులను ఎలా తీర్చిదిద్దుతున్నారన్నది నగరవాసులకు మాత్రమే సంబంధించిన సంగతి అనుకొంటే పొరపాటు. ఆ వీధులలో ప్రతిదినం నడిచే పాదాలలో మన పల్లెల పాదాలు తక్కువేమీ కావు.

తెలుగులో మనం కాలిబాట అంటాము, కన్నడంలో కాలుదారి అంటారు. రెండు మాటల అర్థమూ ఒకటే. పొలం గట్టున కాలిబాటను ఎవరూ వేయరు. పదిమంది నడవగా నడవగా అది తానే పడుతుంది. నగరంలో అలా కాదు. అక్కడ కాలిబాటను ఎవరో ఒకరు కొలిచి, గీసి, డబ్బు కేటాయించి వేయవలసి ఉంటుంది. ఏ వీధిలో ముందు వేశారు, ఏ వీధిని వదిలివేశారు అన్నదాన్ని బట్టి ఎవరి కాళ్ళకు ఎంత విలువ కట్టారో తెలుస్తుంది. ఈ వ్యాసం చెప్పదలచినది ఇదే.

కొన్నేళ్ళ క్రితం మా బడి పిల్లలను కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య విజ్ఞాన ప్రదర్శనశాలకు తీసుకువెళ్ళినాము. నలభై మంది పిల్లలు, ముగ్గురు ఉపాధ్యాయులు. ప్రదర్శనశాలలో గడిపిన మూడు గంటలలో కలగని ఆందోళన తిరుగు ప్రయాణంలో ఒక కూడలి వద్ద రోడ్డు దాటేటప్పుడు కలిగింది. గీతలు ఉన్నవి, దీపమూ ఉన్నది. కాని ఆ దీపం ఇచ్చిన వ్యవధిలో సగం మంది పిల్లలు కూడ అవతలికి చేరలేదు. మిగిలినవారు రోడ్డు నడుమ గట్టుపై ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని నిలుచున్నారు. ఆరవ తరగతి బాలిక ఒకతె, "సార్, ఈ ఊళ్ళో నడిచేవాళ్ళు ఉండరా?" అని అడిగింది. సమాధానం చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది.

నడిచేవారు లేక కాదు, వారిని లెక్కలోకి తీసుకొనకపోవడం వల్ల ఈ పరిస్థితి వచ్చింది. బెంగళూరులో నమోదైన వాహనాల సంఖ్య 2020 తరువాతి తొలి సంవత్సరాలలోనే కోటి దాటింది. వాహనాలు పెరిగిన ప్రతిసారీ రోడ్డును వెడల్పు చేయడం, అందుకోసం కాలిబాటను కోయడం, చెట్లను నరకడం పరిపాటి అయినది. మిగిలిన కాస్త బాటపై ట్రాన్స్‌ఫార్మర్లు, కరెంటు స్తంభాలు, తెరచి ఉన్న చరండీలు, నిలిపిన మోటారు సైకిళ్ళు చేరినవి. నడిచేవాడు చివరకు వాహనాల నడుమకు దిగవలసి వచ్చింది.

దీని ఫలితం ఎంత దారుణమో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ వార్షిక నివేదికలే చెబుతున్నాయి. 2022 సంవత్సరంలో దేశమంతటా రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో 32,825 మంది పాదచారులు. అనగా రోజుకు దాదాపు 90 మంది. సైకిలుపై పోతూ ప్రాణాలు కోల్పోయినవారు వీరికి అదనం.

మన దేశంలో నియమాలకు కొరత లేదు. 2006 నాటి జాతీయ నగర రవాణా విధానం, వాహనాలు కదలడం కన్న మనుషులు కదలడం ముఖ్యమని స్పష్టంగా ప్రకటించింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించిన నిబంధనల ప్రకారం కాలిబాటపై ఏ అడ్డూ లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండవలెను. అంగళ్ళు ఉన్న వీధులలో అంతకన్న ఎక్కువ కావలెను. బాట ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదు. జానెడు కన్న ఎత్తుగా ఉంటే ముసలివారూ, గర్భిణులూ ఎక్కలేరు, రోడ్డుపైనే నడుస్తారు. 2025 మే నెలలో సుప్రీం కోర్టు, అడ్డంకులు లేని కాలిబాటలు పొందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని పేర్కొన్నది. వికలాంగులు సైతం వాడుకొనేలా అవి ఉండవలెనని కూడ ఆ న్యాయస్థానం చెప్పింది.

ఈ నియమాలను ఆచరణలో పెట్టిన ఉదాహరణ బెంగళూరులోనే ఉన్నది. టెండర్‌ష్యూర్ అనే పేరుతో నగర నడిబొడ్డున కొన్ని రోడ్లను తిరిగి నిర్మించారు. రెసిడెన్సీ రోడ్డు, రిచ్‌మండ్ రోడ్డు, మ్యూజియం రోడ్డు, కన్నింగ్‌హామ్ రోడ్డు, విఠల్ మాల్యా రోడ్డు మొదలైనవి తొలి దశలోనివి. 2015 నాటికి వీటిలో కొన్ని వాడుకలోకి వచ్చినవి. ఈ విధానంలోని మెలకువ తెలిసికొనదగినది. రోడ్డు ఒకచోట నాలుగు వరుసలు, మరొకచోట మూడు, ఇంకొకచోట రెండున్నర వరుసలుగా ఉంటే, వెడల్పు చోట లభించిన వేగం ఇరుకు చోట పోతుంది. మన చెరువుల సంగతి ఎరిగినవారికి ఇది కొత్త కాదు. కాలువ ఎంత వెడల్పు తవ్వినా తూము ఎంతో పారే నీరూ అంతే. అందుచేత రోడ్డు మొదటినుండి చివరివరకు వాహనాలకు ఒకే వెడల్పు ఉంచి, మిగిలిన చోటును నడిచేవారికి ఇచ్చినారు. నీటి గొట్టాలు, కరెంటు తీగలు, మురుగు కాలువలు బాట కిందనే ఒక క్రమంలో అమర్చి, మరమ్మతు వచ్చినప్పుడు మూత ఎత్తి పని చేసుకొనే ఏర్పాటు చేసినారు. నెలకొకసారి రోడ్డు తవ్వే బాధ ఆ మేరకు తప్పింది.

ఇంతవరకు మెచ్చుకొనవలసినదే. కాని పై పేర్లను మరొకసారి చదివి చూడండి. పెద్ద హోటళ్ళు, నగల అంగళ్ళు, కార్యాలయాలు గల వీధులే వాటిలో అధికం. 2018లో నల్లరాయి పరచి అందంగా తీర్చిన చర్చ్ స్ట్రీటు కూడ అటువంటిదే. విక్టోరియా, వాణీవిలాస, మింటో ఆసుపత్రులు, కృష్ణరాజ మార్కెట్టు, కలాసిపాళ్యం బస్ స్టాండు ఒకదాని పక్కన ఒకటి ఉన్న చోటుకు ప్రతిదినం ఎన్ని వేలమంది నడిచి వస్తారో ఆలోచించండి. తరువాతి సంవత్సరాలలో గాంధీనగరం వీధులకూ, అవెన్యూ రోడ్డుకూ పనులు విస్తరించిన మాట నిజమే. అయినప్పటికీ తొలి చూపు ఎటు పడిందో మరువరాదు. షికారుగా నడిచేవాని కన్న, మరో దారి లేక నడిచేవానికి బాట ముందు కావలెను. కంటి ఆపరేషను చేయించుకొని కట్టుతో బయటికి వచ్చే అవ్వకు చదునైన బాట సౌకర్యం మాత్రమే కాదు, వైద్యంలో భాగం.

బస్సును కూడ ఇందులో కలిపే ఆలోచించవలెను. బస్సు ప్రయాణికుడు ఎక్కడానికి ముందూ, దిగిన తరువాతా పాదచారియే. కర్ణాటకలో 2023 జూన్ 11 నుండి శక్తి పథకం కింద రాష్ట్ర నివాసులైన స్త్రీలకు సాధారణ బస్సులలో ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఇటువంటి పథకమే మొదలైనది. హిందూపురం నుండి వచ్చే మన వదినకు ఇక్కడిది వర్తించదు, మన చెల్లెలికి అక్కడిది వర్తించదు అన్న సరిహద్దు చిక్కు అలా ఉండగా, టికెట్టు లేని ప్రయాణం స్త్రీలకు గొప్ప మేలు చేసిందనడంలో సందేహం లేదు. కాని టికెట్టు లేని బస్సు కోసం రోడ్డు మధ్య నిలబడి, కదిలే వాహనాల సందున పరుగెత్తి ఎక్కవలసి వస్తే ఆ మేలు సగమే అవుతుంది. నిలుచుండేందుకు చోటు, నీడ, దీపం లేని బస్సు నిలుగడలు ఇంకా ఎన్నో ఉన్నవి.

ఒక బస్సు రోడ్డుపై రెండు మూడు కార్ల చోటు తీసుకొని యాభై అరవై మందిని చేరుస్తుంది. అంతే చోటులో కార్లు ఎందరిని చేరుస్తాయో పాఠకులే లెక్క వేసికొనవచ్చును. ఈ లెక్కను నమ్మి 2019లో ఔటర్ రింగ్ రోడ్డులో సిల్క్ బోర్డు నుండి బస్సులకు ప్రత్యేక వరుస ఏర్పరచినారు. అడ్డంగా చిన్న స్తంభాలు నాటి ఇతర వాహనాలను దూరంగా ఉంచారు. 2020లో అదే రోడ్డులో సైకిళ్ళకూ వరుస కేటాయించారు. మెట్రో పనులు మొదలైన తరువాత ఆ బస్సు వరుస నిలువలేదు. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుండి మూల్‌చంద్ వరకు 2008లో మొదలైన 5.8 కిలోమీటర్ల బస్సు మార్గం కథ ఇంకా విచారకరం. కార్లవారి వ్యతిరేకత హైకోర్టు దాక పోయింది. 2012లో కోర్టు ఆ పిటిషన్‌ను త్రోసిపుచ్చినా, 2015లో ప్రభుత్వమే మార్గాన్ని రద్దు చేయ నిశ్చయించి మరుసటి ఏడు తొలగించింది. కారులో కూర్చున్నవాని ఫిర్యాదు మంత్రిదాక చేరుతుంది, బస్సులో నిలుచున్నవాని సంతృప్తి చేరదు. మాట్లాడేవారు లేని సౌకర్యం ఎన్నాళ్ళో నిలువదు.

ఎదుటివారి వాదనను కూడ వినవలెను. వాహనాలు నిలిపే చోటు పోతే బేరాలు పోతాయని అంగళ్ళవారు భయపడతారు. ఆ భయం సహజం. చెన్నైలోని పాండీ బజారు ఇందుకు చూడదగిన ఉదాహరణ. తెలుగువారైన పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు గల త్యాగరాయ రోడ్డులో 2019 నవంబరులో విశాలమైన కాలిబాటలతో నడక ప్రాంగణం ప్రారంభమైనది. నడిచివచ్చేవాడు కొనడన్న వాదాన్ని పండుగ రోజులలో ఆ వీధి జనసందోహమే ఖండిస్తుంది. అయితే దానికి కొన్నేళ్ళ ముందే అక్కడి వీధి వ్యాపారులను వేరొక భవనంలోకి తరలించినారన్నది కూడ గుర్తుంచుకొనవలెను. బాట శుభ్రం చేయడమంటే పూలమ్మేవారినీ, పండ్లబండివారినీ వెళ్ళగొట్టడమని అధికారులు అనుకొనరాదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి గుర్తింపు పత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించరాదు. ఆ బండ్లలో కొన్ని మన ఊళ్ళవారివే. నడవడానికి 1.8 మీటర్లు వదిలి, ఆపైన బండ్లకు గీతలు గీసి చోటు చూపితే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

2025 సెప్టెంబరులో బృహత్ బెంగళూరు మహానగర పాలికె స్థానంలో గ్రేటర్ బెంగళూరు ప్రాధికారం, దాని కింద ఐదు నగర పాలికెలు ఏర్పడినవి. ఇది మంచి అవకాశం. ప్రతి పాలికె తన పరిధిలో ముందుగా ప్రభుత్వ ఆసుపత్రులు, బస్ స్టాండులు, మార్కెట్లు, బడులు, గార్మెంట్ ఫ్యాక్టరీల చుట్టూ అర కిలోమీటరు మేర బాటలు సరిచేయవలెను. ఆ తరువాతనే అలంకారాల సంగతి. కూడళ్ళలో దీపాల వ్యవధిని ముసలివారి నడకను బట్టి నిర్ణయించవలెను. ఇందులో రెండవదానికి పెద్ద ఖర్చు కూడ లేదు.

నగరాన్ని విమర్శించి మన ఇంటి ముందర చూడకపోవడం న్యాయం కాదు. బాగేపల్లి మీదుగా 44వ నంబరు, ముళబాగిలు మీదుగా 75వ నంబరు జాతీయ రహదారులు పోతున్నవి. వాటిని దాటి పొలానికో బడికో పోయే పిల్లల అవస్థ మనకు తెలియనిది కాదు. తాలూకా కేంద్రాల బస్ స్టాండుల ముందు కాలిబాట అనేది ఎంత మిగిలి ఉన్నదో కూడ తెలుసు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, నిర్ణీత ప్రమాణాలు పాటించక రోడ్డు వేసి మరణానికి కారకులైన గుత్తేదారులకూ, ఇంజనీర్లకూ జరిమానా విధించే అవకాశం కల్పించింది. ఈ సంగతి తెలిసి అడిగేవారు ఉంటేనే చట్టానికి బలం.

1.8 మీటర్లు అంటే సుమారు ఆరడుగులు. ఆరడుగుల వెదురు కర్ర ఒకటి చేతపట్టుకొని మీ పట్టణంలో బస్ స్టాండు నుండి ఆసుపత్రి వరకు నడచి చూడండి. బాటపై ఆ కర్ర అడ్డంగా ఎక్కడెక్కడ పట్టలేదో ఒక కాగితంపై వ్రాసి పురసభకు ఇవ్వండి. మా బడి పిల్లలకు ఈ సంవత్సరం కొలతల పాఠాన్ని ఈ విధంగానే చెప్పదలచినాను. ఆనాడు ఆ బాలిక అడిగిన ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన సమాధానం ఇంతే.