అద్దానికి ఆనించిన ఫొటో

జపాన్ ఐడల్ బృందాల అభిమానులు అపురూపంగా సేకరించుకొనే ఫొటోలకు చవకరకం పటాలూ మెత్తటి ప్లాస్టిక్ తొడుగులూ చేటు తెస్తున్నందున, వాటిని రక్షణ సామగ్రి పేరుతో అమ్మడం సమర్థనీయం కాదు. ఐడల్ అంటే ఆటపాటలతో పాటు అభిమానులతో దగ్గరితనాన్నీ వృత్తిలో భాగం చేసుకున్న యువ కళాకారులు. వారి చిత్రాలలో ‘నమ షషిన్’ అనేవి అచ్చుయంత్రం మీద సిరాతో వేసినవి కాక ఫొటో కాగితం మీద తీసిన ప్రతులు. సాధారణంగా 89 × 127 మిల్లీమీటర్ల కొలతలో ఉంటాయి. తారల చిత్రాలు కొనే అలవాటు అక్కడ పాతదే. టోక్యోలోని అసకుసాలో మరుబెల్‌దో అనే దుకాణం 1921లోనే ఆ వ్యాపారం మొదలుపెట్టింది.

రసాయన పద్ధతిలో తీసిన రంగుల ఫొటోలో వర్ణకాలు జెలటిన్ పొరలలో ఇమిడి ఉంటాయి. జంతువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీసే ఈ జెలటిన్ తేమను పీల్చి ఉబ్బుతుంది కనుక, జూన్, జూలై నెలల వానాకాలమైన ‘త్సుయు’లో, అద్దానికి నేరుగా ఆనించి పటం కట్టిన ఫొటో దానికే అంటుకుపోతుంది, ఊడదీయబోతే ముఖమే చిరిగి వస్తుంది. తెలుగునాట, ముఖ్యంగా కోస్తా ఇళ్లలో, పెద్దల ఫొటోలకు పట్టిన ఈ గతిని చూసినవారికి ఇంతకు మించి వివరించనక్కరలేదు. ఫొటోకూ అద్దానికీ నడుమ ఖాళీ నిలిపే కిటికీ అట్టను, అంటే మౌంటును, ఆమ్లరహితమైన అట్టతో కోయించి, జిగురు అంటించకుండా మూలలను కాగితపు జేబులలో నిలపడం సరైన పద్ధతి. మౌంటు లేని పటం ఎంత అందంగా ఉన్నా కొనదగినది కాదు. పీవీసీ తొడుగులను మెత్తబరిచే పదార్థం కాలక్రమంలో పైకి ఊరి ఫొటోను జిగటగా మారుస్తుంది; పాలీప్రొపిలీన్ తొడుగుకు ఆ దోషం లేదు. ఎండ పడే గోడ మీద ఏ పటమైనా వెలిసిపోక తప్పదు. 1998లో ఫుజీ సంస్థ తెచ్చిన ‘చెకి’ కెమెరా నుంచి అక్కడికక్కడే వచ్చే ఫొటోకు నెగెటివ్ కూడా ఉండదు కనుక దానిని చీకటిలో దాచడమే మేలు.

ఇంతటి జాగ్రత్త కోరే వస్తువును లోపల ఎవరి ఫొటో ఉందో తెలియని కవరులో అమ్మడం మరింత అన్యాయం. కోరుకున్న ముఖం దొరికేదాకా అభిమాని కొంటూనే ఉండాలి. ఎకెబి48 అనే ఐడల్ బృందపు సీడీలలోనూ ఇదే పద్ధతిన ఫొటోలు జతచేశారు. అభిమానులు సభ్యులకు ఓటు వేసేలా 2009లో మొదలైన ఆ బృందపు ఎన్నికలలో సీడీతో పాటు ఓటు వచ్చేది. 2017లో ఫుకువొకా ప్రాంతపు కొండల్లో ఆ బృందపు సీడీలు 585 పారబోసిన వ్యక్తిపై పోలీసులు కేసు పెట్టారు. పారవేయడం నేరమే, అయితే ఒకే పాటను ఒకే మనిషి వందలసార్లు కొనేలా అమ్మకాన్ని మలచినవారి బాధ్యత అంతకన్న పెద్దది. లోపలి ఫొటో ఎవరిదో కవరు మీద అచ్చువేసి, దానిని ఎలా దాచాలో చెప్పే చిన్న చీటీని జతచేసి అమ్మడానికి నిర్మాతలకు పెద్దగా ఖర్చేమీ కాదు.