ముక్కు మనది, మొండితనం వాళ్ళది!

"నాన్నా, నా ముక్కు ఎవరిది?" అంది మా ఏడేళ్ళమ్మాయి. నేను నోరు తెరిచేలోపే ఫోన్లో మా అమ్మ తీర్పిచ్చేసింది: "ముక్కు మనదే, మొండితనం మీ అమ్మది."

మంచివన్నీ మన రక్తం, చెడ్డవన్నీ వియ్యాలవారివి! పిల్లలకి మనం చెప్పే జన్యుశాస్త్రం ఇదేనండీ. అసలుది అంత కష్టమా? అమ్మ చేతిలో రెండు పేకముక్కలు, నాన్న చేతిలో రెండు. చెరొకటి చూడకుండా తీసి నీకిచ్చాం. ఒక్క ఇస్పేటు వస్తే ఫర్లేదు, రెండూ ఇస్పేట్లే అయితే కొన్ని జబ్బులొస్తాయి. అంతే.

మేం రింగాస్కిడీలో, మందుల ఫ్యాక్టరీల మధ్య ఉంటాం. ఐర్లండులో సుమారు 19 మందిలో ఒకరి చేతిలో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఇస్పేటు ఉంటుంది, వాళ్ళకి ఏ జబ్బూ లేకుండానే. అలాంటి ఇద్దరు పెళ్ళాడితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. 2011 నుంచి ఇక్కడ పసిపిల్లల మడమ మీద గుచ్చి తీసే రక్తంలో ఈ జబ్బు కోసమూ చూస్తున్నారు. ఆ పరీక్ష వెతికేది జబ్బుని, దోషిని కాదు.

మరి మనం? మేనమామకీ మేనకోడలికీ సగటున నాలుగో వంతు జన్యువులు ఉమ్మడివే అయినా మేనరికం చేస్తాం, బిడ్డకి జబ్బొస్తే కోడలి వంక చూస్తాం. ఆడపిల్ల పుట్టినా ఆమెనే అంటాం, వై క్రోమోజోమ్ ఇవ్వాల్సింది కొడుకేనని మరిచిపోయి!

ఈ పాఠం పిల్లలకి ఇప్పుడు చెప్పకపోతే, రేపు వాళ్ళూ ఎవరో ఒకరిని ఏడిపిస్తారు.

మొండితనమంటారా? అది మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్నదే లెండి.