మగ్గపు షెడ్డుకు వెల్డింగు కేబులు తగునా?

అప్పో సప్పో చేసి మరమగ్గము తెచ్చుకొన్న నేతగాడు కరెంటు తీగ దగ్గరకు వచ్చేసరికి చేయి బిగబట్టుట సహజమే. పాత సామాను అంగడిలో వెల్డింగు కేబులు చౌకగా దొరికినదని, దానినే మీటరు పెట్టెనుండి మగ్గముదాకా గోడవెంట శాశ్వతముగా బిగించుకొనుట అక్కడక్కడ కనబడుతున్నది. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి నడుమ పెద్ద రహదారిపై నున్న మన పేరేసంద్ర వంటి ఊళ్ళలో వెల్డింగు దుకాణములకు కొదువ లేదు. "లావుపాటి రాగి, మందపు రబ్బరు, ఇంతకంటె గట్టి తీగ ఏది?" అని అడుగువారున్నారు. ఈ పొదుపు ప్రాణముమీదికి తెచ్చునని చెప్పక తప్పదు.

గోనె పురి గట్టిదే. అంతమాత్రాన దానిని పట్టుచీరకు పడుగు వేయము గదా! ఏ దారము ఏ పనికో మనకు తెలిసినట్లే తీగ సంగతియు తెలిసికొనవలెను. వెల్డరు చేతితో అటునిటు ఈడ్చుకొని తిరుగుటకు వెల్డింగు కేబులు పుట్టినది. వెల్డింగు యంత్రమునుండి వచ్చు వోల్టేజి సాధారణముగా 100కు మించదు. కేబులుపై తొడుగు దానికి సరిపడునట్లు చేసినదే. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. మూడు ఫేజులదైతే 400 వోల్టులు. పైగా వెల్డరు కాసేపు అతికి కాసేపు ఆగును. పది నిమిషములలో ఆరు నిమిషములే పనియను లెక్కమీద ఆంపియర్లు కట్టుటయు కద్దు. మగ్గపు మోటారు పొద్దుగూకులు తిరుగును. ఆ లెక్క దీనికి చెల్లదు.

అన్నిటికంటె కీడు అతుకులలో నున్నది. ఈ కేబులులో వెంట్రుకవంటి సన్నని రాగిపోగులు వందలకొద్ది యుండును. వాటిని పురిపెట్టి స్విచ్చి మరలో దూర్చి బిగించిన, కొన్ని తెగును, కొన్ని చెదరును. మగ్గపు అదురుకు నానాటికి మర వదులగును. వదులైన అతుకు వేడెక్కును. మన షెడ్డులో ఆ పక్కనే దారపు నూగు పేరుకొని యుండును. ఇక చెప్పవలసినదేమున్నది?

మరొక మాట. వెల్డింగు కేబులు ఒంటి తీగ. అందులో ఎర్తు తీగ లేదు. మగ్గము ఇనుము, నేలపై మనవి వట్టికాళ్ళు. ఎర్తు లేని మగ్గమునకు తీగ తొడుగు ఒకచోట ఒరసికొని పోయిన చాలును.

"మరి ఖర్చు ఎవరు పెట్టుదురు?" అను ప్రశ్న న్యాయమైనదే. ఒంటి మగ్గమునకు లావు తీగ అవసరమే లేదు. మోటారు శక్తికి, దూరమునకు తగిన ఐ.ఎస్. 694 ముద్రగల రాగితీగను గొట్టములో వేసినచో చాలును. పెద్ద షెడ్డుకు, వెలుపలి దారికి 1100 వోల్టులకు తగిన ఐ.ఎస్. 1554 ఆర్మర్డు కేబులు వేయవలెను. తీగకు సరిపడు బ్రేకరు, ఎర్తు, కరెంటు కారినచో తెంచివేయు ఆర్.సి.సి.బి. తప్పనిసరి. పని లైసెన్సుగల వైర్‌మన్ చేతనే చేయించవలెను.

వెల్డింగు కేబులుకు దాని స్థానము దానికున్నది. విరిగిన మగ్గపు చట్రమును అతికించునపుడు మెయిను ఆపి, రిటర్ను క్లాంపును అతుకు దగ్గరనే పెట్టించుడు. దూరముగా పెట్టినచో వెల్డింగు కరెంటు బేరింగుల గుండా, ఎర్తు తీగ గుండా పోయి వాటిని కాల్చును.

2025 మే 18న షోలాపూరులో తువ్వాళ్ళు నేయు ఒక కర్మాగారము కాలిపోయి, అక్కడనే నివసించు యజమాని కుటుంబీకులు, కార్మికులు కలిసి ఎనిమిదిమంది మరణించిరి. పని చోటనే పిల్లలను పడుకోబెట్టుకొను మనకు ఆ వార్త పరాయిది కాదు. కావున సంఘమువారికి మా మనవి: నూలు టోకున తెచ్చి పంచుకొన్నట్లే మంచి తీగను చుట్టలుగా తెప్పించి, కొన్న ధరకే మీటర్ల లెక్కన ఇప్పించుడు, ఏడాదికొకసారి వైర్‌మన్‌ను పిలిపించి ప్రతి షెడ్డులో అతుకులు, ఎర్తు చూపించుడు. ఆ ఖర్చు ఇంటింటికి పంచినచో ఎవరికిని భారము కాబోదు.