కొండ మీద తొలి రాత్రికి ముందు ఒక కాగితం

సంపాదకులకు,



మారేడుమిల్లి పైన కొండగుడిసెలో ఒక రాత్రి బస చేసి వచ్చిన పాఠకుడొకరు ఈమధ్య మీ పత్రికలో వాపోయారు. కరెంటు లేదట, సెల్లు పలకలేదట, వేణ్నీళ్ళు అడిగితే కట్టెల పొయ్యి చూపించారట. కాబట్టి అడవి గుడిసెలకి జనరేటరు, టవరు, గీజరు పెట్టించాలని ఆయన కోరిక. ఆయన పడ్డ ఇబ్బందిని నేను కొట్టిపారేయను. కానీ ఆయన అడుగుతున్న మందు ఈ రోగానిది కాదు. గుడిసె గుడిసెలా ఉండడంలో తప్పేమీ లేదు. అదెలా ఉంటుందో ముందు చెప్పకుండా డబ్బు కట్టించుకోవడం తప్పు.

నాకు యానాంలో మందుల షాపు ఉంది. కార్తీకం మొదలు సంక్రాంతి దాటేదాకా ఇక్కడి కుర్రాళ్ళూ, కుటుంబాలూ తెల్లవారకముందే బయల్దేరి ద్రాక్షారామం, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఎక్కుతారు. ముందురోజు రాత్రి షాపుకొస్తారు. ఘాట్ రోడ్డు మెలికలకి వాంతుల బిళ్ళలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఎండకి రాసుకునే క్రీము, అంతే. దోమతెర సంగతి ఎత్తితే "మనకి దోమలు కొత్తా అండీ?" అని నవ్వుతారు.

కొండ మీది దోమ మనకి కొత్తదే. మన మురుగు కాలవల్లో పుట్టేది బోదకాలు తెచ్చే దోమ. గోదావరి డెల్టా వాళ్ళకి దాని గురించి ఒకరు చెప్పక్కర్లేదు. ఏజెన్సీలో మలేరియా మోసే దోమల్లో ఒక రకం కొండవాగు అంచున మెల్లగా పారే తేటనీళ్ళలో పెరుగుతుంది. అంటే మనం ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయి ఫోటోలు దిగే చోటే. రాత్రిపూట కుడుతుంది. ఫాల్సిపారమ్ రకం మలేరియా మెదడుకెక్కితే ప్రాణం మీదికొస్తుంది. పైగా కుట్టిన మర్నాడే జ్వరం రాదు. వారం, రెండు వారాలు, ఒక్కోసారి నెల కూడా పట్టవచ్చు. అప్పటికి ఆ మనిషి తన ఉద్యోగంలో తాను పడిపోయి కొండ సంగతే మర్చిపోయి ఉంటాడు. "వైరల్ జ్వరమండీ, పారాసిటమాల్ ఇవ్వండి" అంటూ వస్తాడు. ఏజెన్సీ వైపు వెళ్ళొచ్చారా అని అడిగితే, దానికీ దీనికీ ఏమిటి సంబంధమన్నట్టు చూస్తాడు. ముందు రక్తపరీక్ష చేయించుకోండి, కొండ మీద పడుకొచ్చానని డాక్టరుకి మీ నోటితో చెప్పండి అని పంపిస్తుంటాను. ఈ ఒక్క ముక్క బుకింగ్ రసీదు మీదే అచ్చువేస్తే షాపువాడు చెప్పాల్సిన అవసరం ఉండదు.

దోమతెర గురించి ఇంతగా చెప్పడానికి ఇంకో కారణముంది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్ళని కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. మంచం మీద పడుకుని, తెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే దోమకీ పాముకీ ఒకటే అడ్డు. తెర వేలాడదీసి వదిలేస్తే కాదు, దోపుకోవాలి. పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోవాలి. రాత్రి బయటికెళ్తే టార్చిలైటు చేతిలో ఉండాలి. ఫోన్ లైటు నమ్ముకుంటే, కరెంటు లేనిచోట ఛార్జింగ్ అయిపోయిందంటే దీపమూ పోయినట్టే.

ఇక చలి. మన యానాం సముద్రమట్టానికి కాస్త పైన ఉంది, అంతే. 1000 మీటర్లు ఎక్కితే ఇంచుమించు 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. మబ్బు లేని రాత్రయితే ఇంకా దిగుతుంది. ఆ ఎత్తులోనే ఉన్న లంబసింగిలో చలికాలం ఒక్కోసారి సున్నా దగ్గరికొస్తుందని టీవీల్లో చూస్తూనే ఉన్నాం. మారేడుమిల్లి దగ్గరి గుడిస లాంటి గడ్డికొండ మీద గాలికి అడ్డం ఒక్క చెట్టుండదు. పగలు చెమటకి తడిసిన కాటన్ టీషర్టుతోనే పడుకుంటే అర్ధరాత్రి వణుకు పుడుతుంది. పొడి బట్టల జత ఒకటి, స్వెట్టరు, మంకీ క్యాపు, మేజోళ్ళు ఉంటే చాలు. సూట్‌కేసు నిండా బట్టలక్కర్లేదు. చలేస్తోంది కదా అని నిప్పుల కుంపటి లోపల పెట్టుకుని తలుపులు బిగించుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. కార్బన్ మోనాక్సైడుకి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గడ్డికప్పు, తడికల మధ్య దోమల చుట్ట వెలిగిస్తే నిప్పంటుకునే ప్రమాదం.

యానాం వాణ్ణి కాబట్టి మద్యం సీసాల సంగతి దాటవేయలేను. పొలిమేర దాటించిన సీసాతో ఆంధ్రా ఎక్సైజు వాళ్ళ తనిఖీలో దొరికితే ఏమవుతుందో మనకి తెలుసు. తెలియనిదేమిటంటే, తాగితే ఒళ్ళు వేడెక్కినట్టు అనిపిస్తుందే గాని లోపలి వేడి బయటికి పోతుంది. చలికొండ మీద అది పనికిరాదు, తెల్లారి జలపాతం రాళ్ళ మీద అసలే పనికిరాదు. తాగనివాళ్ళనీ వాగు వదలదు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో ముగ్గురు వైద్య విద్యార్థులు కొట్టుకుపోయారు. పైన కురిసిన వాన కింద నిలబడ్డవాడికి కనబడదు.

జనరేటరు దగ్గరికొద్దాం. మారేడుమిల్లి పరిసరాల్లో అటవీశాఖ, వన సంరక్షణ సమితుల ఆధ్వర్యంలో బసలున్నాయి. వాటిల్లో కొండరెడ్లు పనిచేస్తున్నారు. పక్కనే వాళ్ళ ఊళ్ళు. మనం ఒక్క రాత్రి ఫోను ఛార్జింగ్ పెట్టుకోవడానికి వాళ్ళు రోజూ డీజిలు మోత భరించాలా? ఫ్రాన్సులో స్థిరపడ్డ యానాం వాళ్ళున్నారు, వాళ్ళనడగండి. 1874లో పుట్టిన ఫ్రెంచ్ ఆల్పైన్ క్లబ్బు వాళ్ళ కొండబసల్లో చాలాచోట్ల స్నానానికి వేణ్నీళ్ళే ఉండవు. బూట్లు గుమ్మం దగ్గర విప్పాలి. కప్పుకునే దుప్పటి సంచీ ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి, చెత్త ఎవరిది వాళ్ళు కిందికి మోసుకుపోవాలి. అంత డబ్బున్న దేశంలో ఎవరూ దీన్ని లోటనుకోరు, ఎందుకంటే బయల్దేరకముందే అందరికీ తెలుసు. అక్కడి పుస్తకంలో పేరూ, మర్నాడు ఎటు వెళ్తున్నదీ రాసి వెళ్ళే అలవాటుంది. మనిషి తిరిగి రాకపోతే వెతుకులాట ఆ పుస్తకం నుంచే మొదలవుతుంది.

మనకి ఆ పుస్తకం విలువ గోదావరే నేర్పింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగిన రోజున, అందులో ఎంతమంది ఉన్నారన్న లెక్కే వెంటనే తేలలేదు. తర్వాత నది మీద కంట్రోల్ రూములొచ్చాయి. కొండ మీదికి వెళ్ళేవాళ్ళ లెక్క కూడా అలాగే కట్టుదిట్టంగా ఉండాలి. జీపెక్కిన వాళ్ళెవరు, ఏ గుడిసెలో దిగారు, ఎప్పటికి రావాలి అన్నది సిగ్నల్ ఉన్నచోట ఒకరి చేతిలో రాసి ఉండాలి.

అందుకని అటవీశాఖనీ, రంపచోడవరం ఐటీడీఏనీ, ప్రైవేటు టెంట్ల వాళ్ళనీ, మన ఊరి ట్రావెల్స్ వాళ్ళనీ కోరేదొకటే. డబ్బు కట్టించుకునేటప్పుడే తెలుగులో అరపేజీ కాగితం ఇవ్వండి. అక్కడ కరెంటూ సిగ్నలూ ఉండవనీ, మరుగుదొడ్డి ఎంత దూరమో, తాగునీళ్ళు ఎక్కడివో, దగ్గరి ఆసుపత్రి ఏదో, నెలలోపు జ్వరమొస్తే ఏం చెయ్యాలో అందులో ఉండాలి. అదే కాగితం వెనకాల పేరు, ఇంట్లో వాళ్ళ ఫోన్ నంబరు, తిరిగొచ్చే వేళ రాయించుకుని ఒక ప్రతి కొండ కింద ఉంచుకోండి. దీనికి టవరు ఖర్చు లేదు, జీవో కోసం ఎదురుచూపూ లేదు. కార్తీకం వచ్చేలోగా ఆ కాగితం నమూనా మీ పత్రికలో అచ్చువేస్తే, కత్తిరించి నా షాపు కౌంటరు మీద అంటిస్తాను. మిగతా మందుల షాపుల వాళ్ళూ అంటించాలని ఇందుమూలంగా కోరుతున్నాను.

ఇట్లు,
మందుల షాపు యజమాని, యానాం