ఆ సంతకం సమ్మతి కాదు

పోయిన నెల మా కౌన్సెలింగ్ కేంద్రానికి ఒకామె చున్నీతో సగం ముఖం కప్పుకుని వచ్చింది. తీసి చూపిస్తే ముక్కు పక్కన రూపాయి బిళ్ళంత చర్మం నల్లబడి పుండు పడింది. "పిల్ల మొహం పీలగా ఉంది" అని మూడు సంబంధాలు తిరిగిపోయాక, బుగ్గలు నిండుగా కనపడాలని ఒక బ్యూటీపార్లర్‌లో ఫిల్లర్ ఇంజక్షన్ చేయించుకుందట. సూది పడగానే భరించలేని నొప్పి, చర్మం తెల్లగా పాలిపోవడం. "మామూలే, ఐసు పెట్టుకో" అని పంపేశారు.

ఆమె వెళ్ళాక మాలోనే ఒకరు "అందం పిచ్చికి అంతే మరి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పిల్లను సంతలో పశువులా చూసిపోయిన మూడు కుటుంబాల తప్పు లేదు, ఈమెదే తప్పా? నేనైతే చచ్చినా ఫిల్లర్ చేయించుకోను. అది వేరే సంగతి. దొంగచాటు అబార్షన్లతో ఆడవాళ్ళు చనిపోతుంటే మనం నీతులు చెప్పామా, సురక్షితమైన వైద్యం అడిగామా?

ఆ జెల్ రక్తనాళంలోకి పోతే రక్తం ఆగి చర్మం చచ్చిపోతుంది. కంటికి రక్తం తీసుకెళ్ళే నాళం మూసుకుంటే చూపు పోతుంది, తిరిగి రావడం అరుదు. ముక్కు మీద, కనుబొమల మధ్య ఈ ముప్పు మరీ ఎక్కువ. జెల్ హైలురోనిక్ ఆమ్లంతో చేసినదైతే దాన్ని కరిగించే హైలురోనిడేజ్ అనే మందుంది. ఆలస్యం లేకుండా ఇవ్వాలి. సిలికాన్‌ను అది కరిగించదు. ఆ మందు దగ్గర లేకుండా సూది పట్టుకోవడమే నేరమంటాను. ఈమెకు ఏం ఎక్కించారో ఈరోజుకీ తెలీదు. డబ్బా చూపించలేదు. వేసినామె డాక్టరే కాదు.

అడిగితే పార్లర్ వాళ్ళు సంతకం చూపిస్తున్నారు! కుర్చీలో పడుకోబెట్టాక చేతికిచ్చిన ఇంగ్లీషు కాగితం అది. చికిత్స ఏమిటో, ముప్పేమిటో, వేరే దారులేమున్నాయో చెప్పి తీసుకున్నదే సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టర్లకే తప్పని ఆ నియమం పార్లర్లకు వర్తించదా?

మన దగ్గరికొచ్చే అమ్మాయిలకు ఇది చెబుదాం: వేసేది రిజిస్టరైన డాక్టరేనా, మందు పేరేమిటి, విరుగుడు ఉందా అని అడగమని. డబ్బా మీది బ్యాచ్ నంబరు రాయించుకోమని. నొప్పి పెరిగినా, చర్మం పాలిపోయినా, చూపు మసకబారినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళమని.

ఈమె వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తానంటోంది. సంబంధాలు రావని ఇంట్లో వద్దంటున్నారు. వచ్చే సోమవారం బిల్లు తీసుకుని మళ్ళీ వస్తానంది.