పంపు మార్చే ముందు పైపు చూడండి

ఎప్పుడూ జీవామృతం, కషాయాలు, విత్తనాల గురించి మాట్లాడుకునే మనం ఈసారి డీజిల్ పంపు గురించి మాట్లాడుకుందాం. ఎందుకో చెప్తాను.

పై వీడియోలో కనిపించేది మన పాత వ్యానే. 2003 మోడల్. వెనక ఒక మంచం, చిన్న స్టవ్వు, కెమెరా సామాను. మీ పొలాల దగ్గరికి వచ్చి రాత్రి అందులోనే పడుకుని, పొద్దున్నే వీడియో తీసుకునేది దీంతోనే. తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా రావడం ఎందుకని దారిలో రైతుల సరుకు ఎక్కించుకుని హైదరాబాద్ ఆదివారం సంతకి తెస్తుంటాం. పోయిన నెల ముగ్గురు రైతుల టమాటా, ఆకుకూరలు వేసుకుని వస్తుంటే సూర్యాపేట దాటాక బండి దగ్గడం మొదలుపెట్టింది. రేస్ ఇస్తే లాగట్లేదు. కాసేపటికి ఆగిపోయింది.

దగ్గర్లో ఉన్న మెకానిక్ వచ్చాడు. నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టి చూసి, "ఎఫ్ఐపీ పోయిందన్నా, కొత్తది వేయాల్సిందే, నలభై వేలు దాకా అవుతది" అన్నాడు. పంపు రావడానికి రెండు రోజులు. ఆదివారం సంత పోయింది. ఆకుకూర మొత్తం పారబోశాం, టమాటా సగానికి అమ్ముకున్నాం. ఆ నష్టం నాది కాదు, నన్ను నమ్మి సరుకు ఎక్కించిన వాళ్లది. అదే బాధ.

రెండో రోజు ఇంకో పెద్దాయన, పంపులు, నాజిళ్ల పని చేసేవాడు, వచ్చి చూశాడు. ఐదు లీటర్ల డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి, డబ్బాని ఇంజనుకంటే ఎత్తులో కట్టి, పైపు నేరుగా పంపుకి తగిలించాడు. ఎయిర్ తీసి సెల్ఫ్ కొడితే బండి గుడగుడా స్టార్ట్ అయింది! అంటే పంపు బాగానే ఉంది. తప్పు ఎక్కడంటే, ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు క్లిప్పు కింద చీలింది. మూడు వందల రూపాయల పని.

ఆ మొదటి మెకానిక్‌ని తిట్టడానికి ఇది రాయట్లేదు. నేనే అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ఆకు పచ్చబడగానే మందు డబ్బా కొనకండి, ముందు వేరు చూడండి, నేల చూడండి అని మీకు వంద వీడియోల్లో చెప్పినవాణ్ణి. నా బండి దగ్గరికొచ్చేసరికి కొత్త డబ్బా కొనడానికి సిద్ధపడ్డాను. అందుకే సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మన దగ్గర ట్రాక్టర్ అయినా, పవర్ టిల్లర్ అయినా, వ్యాన్ అయినా, పాత డీజిల్ బండిలో పంపు అంటే మామూలుగా ఒకటి కాదు, రెండు. మొదటిది ఫీడ్ పంపు. ట్యాంకులోంచి డీజిల్ లాగి ఫిల్టర్ గుండా ముందుకు పంపుతుంది. రెండోది ఎఫ్ఐపీ. అది డీజిల్‌ని కొలిచి, టైముకి, బాగా ఒత్తిడితో నాజిల్‌కి కొడుతుంది. కొన్ని బండ్లలో ఫీడ్ పంపు విడిగా ఉండదు, ఎఫ్ఐపీయే లాక్కుంటుంది. మొదటిది చవక. రెండోది ఖరీదు. "పంపు పోయింది" అనే ఒక్క మాటలో రెండూ కలిసిపోతాయి. కాబట్టి ఎవరైనా ఆ మాట అంటే మొదటి ప్రశ్న, "ఏ పంపు?" రెండో ప్రశ్న, "ఎలా తెలిసింది?"

సాధారణ మెకానికల్ పంపు ఉన్న పాత బండ్లకి నేను ఇప్పుడు పాటించే వరస ఇది:

1. ట్యాంకు మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి లాగిందంటే మూత రంధ్రం మూసుకుపోయిందేమో అనుమానించాలి. మూత వదులు చేసి నడిపి చూడండి.

2. ఫిల్టర్ కింద బోల్టు తిప్పి కొంచెం డీజిల్ గాజు సీసాలోకి పట్టండి. నీళ్లుంటే అడుగున తేలిగ్గా కనిపిస్తాయి.

3. ఫిల్టర్ మీద ఎయిర్ స్క్రూ వదులు చేసి చేతి ప్రైమర్ కొట్టండి. ఎంత కొట్టినా బుడగలు ఆగకపోతే లాగే వైపు పైపులో ఎక్కడో గాలి చొరబడుతోంది. ఇక్కడే చాలామంది మోసపోతాం. ఆ వైపు పైపు లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి చీలిక ఉన్నా డీజిల్ బయటికి కారకపోవచ్చు. "ఎక్కడా లీకు లేదు కదా" అనుకుంటాం.

4. రోటరీ పంపు అయితే తాళం తిప్పగానే దాని మీదున్న సోలనాయిడ్ "టక్" మనాలి. అనకపోతే ముందు వైరు చూడండి.

5. చివరగా డబ్బా పరీక్ష. ఇది చేయకుండా పంపు విప్పనివ్వకండి.

ఇంకో మాట. ఇంజను బాడీకి బిగించిన డయాఫ్రమ్ రకం ఫీడ్ పంపు చిరిగితే డీజిల్ ఇంజను ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగి డీజిల్ వాసన వస్తే అక్కడే ఆపేయండి. ఇంటిదాకా పోదాంలే అనుకుంటే ఇంజనే పోతుంది.

జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ పని ఇంజను చల్లారాక, బీడీ సిగరెట్ దూరంగా పెట్టి చేయండి. నాజిల్ నుంచి వచ్చే చిమ్ముకి వేలు అడ్డం పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి దూరుతుంది. చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన కేసు. కామన్ రైల్ బండ్లలో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. వాటిని మనం ముట్టుకోవద్దు.

మరి పంపు ఎప్పుడూ మార్చొద్దా? అలా అనను. ఎఫ్ఐపీ లోపలి ప్లంజరుకీ బ్యారెల్‌కీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. దుమ్ములో, రోడ్డు పక్కన విప్పే వస్తువు కాదు. నిజంగా అరిగితే టెస్ట్ బెంచ్ ఉన్న చోటికి తీసుకెళ్లి సీళ్లు, ఎలిమెంట్లు మార్పించి కాలిబ్రేషన్ చేయించాలి. లోపల తుప్పు పట్టినా, లోహపు పొడి కనిపించినా, బాడీయే దెబ్బతిన్నా కొత్తదో, పూర్తిగా బాగుచేసినదో వేయడమే మంచిది. కానీ అప్పుడు ట్యాంకు కడగాలి, ఫిల్టర్లు మార్చాలి, నాజిళ్లు చూపించాలి. మురికి ట్యాంకుకి కొత్త పంపు బిగిస్తే ఆ పంపు కూడా అదే దారి పడుతుంది. విప్పేముందు టైమింగ్ గుర్తులు పెట్టించండి, ఫోటో తీసుకోండి. తీసేసిన సామాను మీరే తెచ్చుకోండి.

ఇప్పుడు కొంతమందికి నచ్చని మాట. "కానుగ నూనె పోయొచ్చు కదా, సహజం కదా" అని చాలామంది అడుగుతున్నారు. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచిన మాట నిజమే. కానీ పచ్చి నూనె చిక్కదనం డీజిల్‌కి దాదాపు పదింతలు. అలాగే పోస్తే నాజిల్ మీద మసి గడ్డకడుతుంది, రింగులు అతుక్కుంటాయి, చలికాలం పొద్దున రోటరీ పంపు మీద మోయలేని భారం పడుతుంది. రసాయన ప్రక్రియ చేసిన బయోడీజిల్ వేరు, గానుగలోంచి తెచ్చిన నూనె వేరు. సహజమైనదల్లా అన్నిచోట్లా పనికిరాదు. కానుగ పిండి నేలకి వేయండి, నూనె పంపులో పోయకండి.

అలాగే 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్ పాత పంపుల్ని తినేస్తోందని ఒక ప్రచారం. గంధకం 10 పీపీఎమ్‌కి తగ్గిన మాట నిజం. అయితే తగ్గిన జారుడు గుణం కోసం రిఫైనరీల్లోనే అడిటివ్ కలుపుతారు. పాత బండ్లలో ఎక్కువగా దెబ్బతినేది గట్టిపడిన రబ్బరు సీళ్లు, పైపులు. వాటి వయసు చూసి ముందే మార్చుకుంటే సరిపోతుంది.

పాత డీజిల్ బండి పొగ మంచిది కాదు, ఒప్పుకుంటాను. పొగ పరీక్షలో, ఫిట్‌నెస్‌లో నిలబడని రోజు ఈ వ్యాన్‌ని వదిలేస్తాను. కానీ ఒక పైపు చీలికకి నలభై వేల పంపు వేయడం, అది కూడా కుదరక అప్పు చేసి కొత్త బండి కొనడం, పెట్టుబడి తగ్గించుకోవాలని సహజ సేద్యంలోకి వచ్చిన మనం చేయాల్సిన పని కాదు. విత్తనం మనమే దాచుకుంటున్నాం. ఒక మీటరు పైపు, నాలుగు క్లిప్పులు, ఒక ఫిల్టరు, రెండు పానాలు కూడా బండిలో దాచుకుందాం.

డబ్బా పరీక్ష ఎలా చేయాలో వీడియోలో పూర్తిగా చూపించాను. సరుకు ఎక్కించక ముందే, ఖాళీగా ఉన్న రోజు ఒకసారి మీ బండి మీద చేసి చూడండి. ఆ ముగ్గురు రైతులకి నష్టం నేనే కట్టాను. వచ్చే ఆదివారం మళ్లీ వాళ్ల పొలాలకే వెళ్తున్నాను, ఇదే వ్యాన్‌లో.